నీళ్లు పడేదాకా

మా మామ దోసిలి పట్టి బోరు నీళ్లు తాగే వీడియో మీ ఫోనుకు కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. మామ అంటే మా ఆయన తండ్రి. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని, ఎండిన పెదాలతో బోరు బండి పక్కన నిలబడి ఉంటాడు. భూమిలోంచి బూడిద రంగు దుమ్ము లేచీ లేచీ ఒక్కసారిగా బురదవుతుంది, ఆ బురద నీళ్లవుతుంది. చేను గలాయన కేక పెడతాడు, ఆడవాళ్లు పసుపు కుంకుమలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. మామ మాత్రం తొందరపడడు. నీళ్లు కాస్త తేటపడేదాకా ఆగి, వంగి, దోసిలి పట్టి కడుపునిండా తాగుతాడు. అంతే వీడియో. దాన్ని తీసింది నేను. దాన్ని వ్యాపారం చేసింది కూడా నేనే. మార్కాపురంలో బీకాం చదివిన కోడలి చేతికి ఫోను ఇస్తే ఏమవుతుందో మా వాళ్లకు అప్పటిదాకా తెలియదు.

మామ నీళ్లు చూస్తాడు. మా వైపు ఆ మాట అంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. బోరు వేయించే ముందు పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ ఎక్కడ లేచి నిలువుగా నిలబడితే అక్కడ కాలి బొటనవేలితో గుర్తు పెడతాడు. ఇందులో నిజమెంత అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. నీళ్లు పడ్డ బోర్లూ ఉన్నాయి, దుమ్ము తప్ప ఏమీ రానివీ ఉన్నాయి. మామనే అడిగితే, "నాకు మాత్రం ఏం తెలుసమ్మా, కాయ లేచింది, నేను చూపిచ్చినా" అనేవాడు.

ఆయనకు ఒక పట్టింపు ఉంది. తాను చూపించిన చోట బోరు వేస్తున్నంతసేపూ అక్కడే ఉండాలి, నీళ్లు పడేదాకా మంచినీళ్లు ముట్టకూడదు. వాళ్ల నాయన కూడా అలాగే చేసేవాడట. నీళ్లు పడితే మొదటి దోసిలి ఆయన తాగుతాడు. పడకపోతే చేను గలవాళ్లే "ఇంక చాలు, రాడ్లు లాగండి" అనాలి. ఆ మాట వాళ్ల నోట వచ్చాకే ఆయన చెంబు అందుకునేది. అంతవరకూ ఎవరు బతిమాలినా వినడు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి, ఇదంతా ఎందుకు మామా అని అడిగాను.

"ఆ ఇంటోళ్లు బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు కాడ కొట్టుకుంటా ఉంటారు. నేను పోయి వాళ్ల నీళ్లు తాగి, నీళ్లు లేని తావున చెయ్యి చూపిచ్చి ఇంటికొచ్చి పండుకుంటే, నేనేం మనిషినమ్మా? దాహమన్నా నాకు కావాల గదా" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. అప్పట్లో ఆయన చూసే బోర్లు ఎండాకాలం మొత్తానికి ఏవో కొన్ని, అన్నీ చుట్టుపక్కల ఊళ్లవే. ఒక పూట దాహం ఓర్చుకోవడం ఆయన ఒంటికి లెక్కలోకి వచ్చేది కాదు. ఇంటికొచ్చి కుండ దగ్గర కూర్చుని మళ్లీ మళ్లీ తాగి నవ్వేవాడు.

మా ఆయన పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. రాతి పలకలు కొనేవాళ్లు తగ్గి ఆ కార్ఖానా మూతపడ్డాక ఆటో తోలాడు. నేను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి జాకెట్లు కుట్టేదాన్ని. సరదాకి ఒకసారి మామ వెంట బోరు దగ్గరికి పోయి ఫోనులో తీసి పెట్టిన వీడియో, మా ఊరు దాటి, జిల్లా దాటి, రాష్ట్రం దాటి పోయింది. జనం నీళ్లు పడటాన్ని చూసి మెచ్చుకోలేదు, నీళ్ల వీడియోలు ఎన్ని లేవు. వాళ్లకు నచ్చింది ఆయన దాహం. ఎండిన పెదాల దగ్గర వీడియో ఆపి ఫొటో తీసుకుని మరీ కింద రాసేవాళ్లు, ఈ కాలంలో ఇలాంటి మనుషులున్నారా అని. చదివి నేను పొంగిపోయాను. పొంగిపోనా మరి? మా ఇంటి మనిషి గొప్పవాడని ఊరూవాడా ఒప్పుకుంటుంటే ఎవరికి సంతోషం ఉండదు!

అప్పటినుంచి ప్రతి బోరూ తీశాను. ఎక్కడ పెదాలు చూపించాలో, ఎక్కడ సూర్యుణ్ణి చూపించాలో, నీళ్లు పైకి లేవబోయే ముందు ఎంతసేపు ఊరించాలో నేర్చుకున్నాను. చూసేవాళ్లు లక్షల్లోకి పెరిగారు. ఊరికే చూసిపోయే జనంతో పొయ్యి వెలగదు కాబట్టి వీడియో కింద ఫోన్ నంబరు పెట్టాను. ఆ మర్నాటి నుంచి జనం నన్ను ఫోను కింద పెట్టనివ్వలేదు. పామూరు నుంచి, కనిగిరి నుంచి, అటు కర్నూలు వైపు నుంచి కూడా పిలుపులు. గిద్దలూరులో బోరు బండి ఉన్న ఒక సాయిబు మాతో కలిశాడు. పాయింటు, అంటే బోరు వేసే చోటు చూపించడం మాది, బండి ఆయనది, రైతు ఒక్కచోట ఫోన్ చేస్తే రెండూ వస్తాయి. మోటార్లు, పైపులు అమ్మే దుకాణం వాళ్లు మా వీడియోల్లో వాళ్ల బోర్డు కనిపించాలని అడిగారు. మా ఆయన ఆటో అమ్మేసి కారు తీసుకున్నాడు. నేను స్కూలు మానేశాను. మా అత్త లేదు, నేను పెళ్లై రాకముందే పోయింది. ఉంటే ఈ వైభోగం చూసి మురిసిపోయేదో, నన్ను నాలుగు తిట్టేదో తెలియదు.

ఇందులో ఒక్క సంగతి మాకెవరికీ తట్టలేదు. బోరు బండి కలిసింది, కారు వచ్చింది, పిలుపులు పెరిగాయి. దాహం పడేవాడు మాత్రం ఒక్కడే. ఎండాకాలమంతా ఏవో కొన్ని బోర్లు చూసే మనిషి వారానికి అన్ని చూడటం మొదలుపెట్టాడు. అవి కూడా బోర్లు వేసే కాలంలోనే, అంటే రోహిణి ఎండల్లోనే. రాయి గట్టిదైతే పొద్దున మొదలుపెట్టిన బోరు పొద్దుగుంకేదాకా సాగుతుంది. ఇవాళ హాయిగా తాగి పడుకున్నాడనుకుంటే, మర్నాడు మళ్లీ ఇంకో చేలో నోరు కట్టుకుని నిలబడతాడు.

ముందు కాళ్లు వాచాయి. కారులో కూర్చుని కూర్చుని వాచాయిలే అన్నాడు. తర్వాత అన్నం సయించడం లేదన్నాడు. ఒకరోజు మా ఆయన వచ్చి, "నాయనకు ఒంటేలు ఎర్రగా పోతాంది, నీకు చెప్పొద్దన్నాడు" అని నాకే చెప్పాడు. మార్కాపురం తీసుకుపోయి పరీక్షలు చేయించాం. డాక్టరు కాగితాలు చూసి, ఈయన పని ఏమిటని అడిగాడు. చెప్పాం. ఆయన కూడా మా వీడియోలు చూసే మనిషేనట. సంతోషంగా నవ్వబోయి, మధ్యలోనే ఆ నవ్వు ఆపేశాడు.

"పెద్దాయనా, మీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇంకా చెయ్యి దాటలేదు. కానీ ఎండలో నీళ్లు లేకుండా నిలబడితే ఈసారి దాటుతుంది" అన్నాడు.

కారులో ఇంటికి బయల్దేరాం. నాకు భయమేసింది. ఆ భయంలో నాకు వచ్చిన ఆలోచనలన్నీ వ్యాపారం చేసేవాళ్ల ఆలోచనలే. చాటుగా తాగమన్నాను, కారులో బాటిల్ పెడతాను, నేను ఫోను ఆపాకే తాగు అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మజ్జిగంటే నీళ్లు కాదు కదా మామా, అది తాగు అన్నాను. "దాహం తీరుతుందా లేదా?" అని అడిగాడు. తీరుతుంది అన్నాను. "అయితే అది నీళ్లే" అన్నాడు. పుచ్చకాయ గురించి వాదించాను. చివరికి విసుగెత్తి, చేతిలో ఉన్న ఆ కొబ్బరికాయైనా కొట్టి తాగు అంటే, "నీ కుట్టుమిషను నువ్వు వండుకుని తింటావా?" అన్నాడు. మా ఆయన పక్కకు తిరిగి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

బుకింగులు ఆపేద్దామని నిర్ణయించాను. మాట ఇచ్చినవి మాత్రం పూర్తి చేస్తానని మామ పట్టుబట్టాడు. అవి కొన్నే మిగిలాయి. సరిగ్గా అప్పుడే ఇంకో ఛానెల్ వాడెవడో వీడియో పెట్టాడు, ముసలాయన కారులో కూర్చుని నీళ్లు తాగుతాడు, బయటికొచ్చి నాటకమాడతాడు అని. చాటుగా తాగమని నేను బతిమాలితే తాగని మనిషిని పట్టుకుని ఆ మాట! నాకు ఒళ్లు మండిపోయింది. కింద జనం రాసింది చదివిన కొద్దీ ఇంకా మండింది. నెత్తిన పెట్టుకున్నవాళ్లే మొదటినుంచీ మాకు అనుమానమే అని రాస్తున్నారు. ఈసారి బోరు మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా లైవ్ పెడతాను, కళ్లారా చూసుకోండి అని అందరికీ చెప్పేశాను.

ఆ బోరు హనుమంతునిపాడు పక్కన ఒక చిన్న ఊళ్లో. మొగుడూ పెళ్లాం, ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లు. వాళ్లు కష్టపడి పెంచుకున్న బత్తాయి తోట కాపుకొచ్చే వేళకు పాత బోరు ఎండిపోయింది. ట్యాంకరుతో చెట్లకు నీళ్లు పెడుతున్నారు. ఆకులు అప్పటికే ముడుచుకుని ఉన్నాయి. ఆ అమ్మాయి చెట్టు చెట్టునూ చేత్తో తాకుతూ మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. మామ కాయ పట్టుకుని తిరిగి, తోట మూల ఒకచోట బొటనవేలితో గుర్తు పెట్టాడు. వాళ్లు పూజ చేశారు. సాయిబు బండి మొదలుపెట్టాడు. నేను ఫోను స్టాండుకు బిగించి లైవ్ పెట్టాను.

దుమ్ము లేచింది. ఒక రాడ్డు దిగింది, ఇంకోటి దిగింది, దుమ్మే. తోటంతా ఆ దుమ్ము పడి చెట్లు బూడిద పూసుకున్నట్టు అయ్యాయి. పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. మామ మొదట నిలబడ్డాడు, తర్వాత గట్టు మీద కూర్చున్నాడు, తర్వాత గట్టుకు ఆనుకున్నాడు. మా ఆయన గొడుగు పట్టాడు. "నాయనా, ఒక్క గుక్క తాగు. నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు. మాట్లాడబోతే నాలుక అంగిట్లో అంటుకుపోతోంది.

ఫోనులో జనం రాస్తూనే ఉన్నారు. తాతా నువ్వు దేవుడివి. తాగొద్దు తాతా, పడతాయి. ఇంకొంచెం ఓర్చుకో తాతా. ఎక్కడో నీడపట్టున కూర్చుని, చేతి పక్కన నీళ్ల సీసా పెట్టుకుని రాస్తున్నారు అదంతా. ఇన్నేళ్లుగా నేను సంపాదించుకున్న జనం వీళ్లేనా అనిపించింది. అయినా నేను వెంటనే లైవ్ ఆపలేదు. ఆపితే తాగడానికే ఆపారంటారని ఆగాను.

అంతలో సాయిబు బండి మీదినుంచి అరిచాడు. "చాచా, తడి తగిలింది! దుమ్ము ముద్ద కడతాంది చూడు. ఇంకో నాలుగు రాడ్లు దించితే తెలిసిపోతది!"

చేను గలాయన పరుగెత్తుకుపోయి ఆ దుమ్మును పిడికిట్లో పట్టి పిసికాడు. అది విడిపోకుండా ముద్దగా నిలబడింది. ఆయన మొహం నాకింకా కళ్లముందే ఉంది. మామ ఆ ముద్దను చూద్దామని లేవబోయి, మోకాళ్లు మడతపడి పక్కకు ఒరిగిపోయాడు.

మేమంతా ఆయన మీదికి వంగాం. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. నేను సీసా తీసుకుని నోటి దగ్గర పెట్టాను. తెలివిలో ఉన్నాడో లేడో తెలియదు గానీ పెదాలు బిగించేశాడు. మా ఆయన దవడ పట్టుకుని తెరవబోయాడు. పిల్లాడు మందు తాగనని మొండికేసినట్టు మొహం పక్కకు తిప్పేసుకున్నాడు.

ఆ అమ్మాయి అప్పటిదాకా చెంబు పట్టుకుని నిలబడి ఉంది. చెంబు నా చేతికిచ్చి, బండి దగ్గరికి పోయి సాయిబుతో అంది.

"ఆపన్నా. రాడ్లు పైకి లాగేయ్."

సాయిబుకు అర్థం కాలేదు. "తడి తగిలిందమ్మా. ఇప్పుడు ఆపితే ఎట్ల?"

"ఏందే నువ్వనేది?" అని ఆమె మొగుడు ఆ ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచుకుని అరిచాడు. "నాలుగు రాడ్లంట! నాలుగంటే నాలుగు!"

ఆమె అరవలేదు. "ఆ నాలుగూ దిగేలోపల ఆయన మన చేలో పోతే? ఆ నీళ్లు చెట్లకు పెట్టగలవా నువ్వు? పెట్టగలిగితే చెప్పు, దించుదాం."

అతను చేతిలో ముద్దను చూశాడు, తోటను చూశాడు. తర్వాత సాయిబు వైపు తిరిగి, లాగెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడానికి అతనికి ఎంత కష్టమైందో నేను చూశాను. నేను ఎన్నో బోర్ల దగ్గర నిలబడ్డాను, ఎంతోమంది రైతులు ఏడవడం చూశాను. నీళ్లు అందబోతున్నాయని తెలిసి వద్దన్నవాళ్లను మాత్రం అదే మొదటిసారి చూడటం.

బండి చప్పుడు మారింది. మొదటి రాడ్డు పైకి వచ్చింది. ఆ అమ్మాయి వచ్చి మామ పక్కన కూలబడి, ఆయన తల ఒళ్లోకి తీసుకుంది.

"ఈ బోరు పడలేదు తాతా. ఇంక చాలు, లాగమని మేమే చెప్పినాం. విన్నావా? మేమే చెప్పినాం. ఇంక తాగు."

ఆయన విన్నాడు. పెదాలు విడివడ్డాయి. ఆమె నా చేతిలోని చెంబు తీసుకుని కొంచెం కొంచెం పోస్తే తాగాడు. అవి వాళ్లు ట్యాంకరు దగ్గర పట్టుకొచ్చుకున్న నీళ్లు. తాగుతూ ఏడ్చాడు, కళ్లల్లో నీళ్లు రాని ఏడుపు అది. అప్పుడు పోయి నేను లైవ్ ఆపేశాను.

కారులో మార్కాపురం, అక్కణ్ణుంచి ఒంగోలు. బతికాడు. బాగయ్యాడని చెప్పలేను, ఇప్పటికీ పరీక్షలకు తిరుగుతూనే ఉన్నాం. ఆసుపత్రిలో కళ్లు తెరిచి మాట్లాడిన మొదటి మాట, "ఆ నాలుగు రాడ్లు దించినారా?" అని. ఆయన్ని చూసుకుంటూనే సాయిబును మళ్లీ ఆ చేను దగ్గరికి పంపాను, ఖర్చంతా మాది, ఆ నాలుగు రాడ్లూ దించి రమ్మని. సాయిబు పోయి చూసి ఫోన్ చేశాడు. లోపల మట్టి జారి బోరు పూడిపోయిందట. కొత్తగా వేయాలంటే కొత్త పాయింటు కావాలి. పాయింటు పెట్టడానికి మామ రావాలి. ఆ అమ్మాయి సాయిబు దగ్గర ఫోను లాక్కుని, "ఆయన్ని మా చేలోకి మళ్లీ తేవొద్దక్కా, మీకు దండం పెడతా" అంది.

వ్యాపారం ఆపేశాను. ఆపడం అంత తేలిక కాదు. లైవ్ ఎందుకు ఆపావని, నీళ్లు పడ్డాయా లేదా చెప్పమని వేలమంది రాశారు, ఇంకా రాస్తున్నారు. పైపుల దుకాణం వాళ్లు మా ఆయన్ని కాయ పట్టుకోమన్నారు. నాయనలా నిలబడగలవు కదా, వయసులో ఉన్నావు అన్నారు. ఆయన వాళ్లకు కాఫీ ఇచ్చి పంపించేశాడు. కారు అద్దెకు తిప్పుతున్నాడు, ఎక్కువగా దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే యాత్రికులను. నేను మళ్లీ మిషను దగ్గర కూర్చున్నాను. నాకు కోపం ఇంకా పోలేదు. ఎవరి మీద అంటే సరిగ్గా చెప్పలేను. ఈ పట్టింపు నేర్పిన మామ వాళ్ల నాయన మీద, చూసే జనం మీద, మామ మొండితనం మీద, అందరికంటే ఎక్కువ నా మీద. మామ మీద ప్రేమ కూడా అంతే ఉంది, ఆ రెండూ ఒకేసారి ఉంటాయని నాకు ఇంతకుముందు తెలియదు.

ఆ అమ్మాయి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. మొన్న కూడా చేసింది.

"అక్కా, తాత నీళ్లు తాగుతాండాడా?"

తాగుతున్నాడమ్మా అని, ఉండబట్టలేక మీ చెట్లు ఎలా ఉన్నాయని అడిగాను.

"యాడ చెట్లక్కా. ఎండిపోయినయి. కొట్టేసి కంది ఏసినం. నువ్వు తాతకు ఇయ్యి ఫోను."

స్పీకరు నొక్కి మామ పక్కన పెట్టాను. ఆయన చెంబు తీసుకుని ఆమెకు వినపడేలా గటగటా తాగాడు. అవతల ఆమె, చెంబు ఖాళీ అయ్యేదాకా వింటూనే ఉంది.